మా లేఅవుట్ పక్కన టిడ్కో ఇళ్లు నిండుతున్నాయి, ఏరియా పాడైపోతుందని భయపడాలా?

కొమ్మాది_ఫ్లాట్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది విశాఖలో కొమ్మాది దాటాక హైవే నుంచి లోపలికి ఉండే చిన్న లేఅవుట్. లోన్ పెట్టి ఫ్లాట్ కొన్నాం, కట్టాల్సిన ఈఎంఐలు ఇంకా బోలెడున్నాయి. మా వెనక టిడ్కో బ్లాకులు (పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లు) ఏళ్ల తరబడి తుప్పల మధ్య ఖాళీగా పడి ఉన్నాయి, అప్పుడు పట్టించుకున్నవాడు లేడు. ఈమధ్య కొన్నిటికి తాళాలిచ్చారు, జనం దిగుతున్నారు. ఇంక చూడండి మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు! రేట్లు పడిపోతాయంటారు ఒకరు, దొంగతనాలు మొదలవుతాయంటారు ఇంకొకరు. ఒకాయనైతే ఆ బ్లాకుల వైపు వెళ్లే మట్టిరోడ్డుకి అడ్డంగా గోడ కట్టేద్దాం, తలా కొంత వేసుకుందాం అన్నాడు. అది ప్లాన్‌లో పబ్లిక్ రోడ్డు కదా, మనమెలా మూస్తాం అని అడిగినందుకు ఇప్పుడు గ్రూపులో నేనే విలన్ని.

నాకు తెలుసుకోవాలనున్నది ఒకటే. ప్రభుత్వం పేదవాళ్లకి ఇళ్లిచ్చినప్పుడు చుట్టుపక్కల ఏరియాకి నిజంగా ఏమవుతుంది? అలాగే వచ్చినవాళ్లకైనా మేలు జరుగుతోందా, లేక ఊరికి దూరంగా తెచ్చి పడేయడమేనా? మధురవాడ, ఆరిలోవ, పెందుర్తి, గాజువాక వైపు ఇలాంటివి దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ దయచేసి వద్దు, ఎవరి హయాంలో ఎన్ని కట్టారన్నది నాకు అక్కర్లేదు.

సీతమ్మధార_సుబ్బు:

నేను ఇళ్లు, స్థలాలు కొనిపించే పనిలో ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. కస్టమర్‌ని కారులో తీసుకెళ్తుంటే కిటికీలోంచి ఆ బ్లాకులు చూసి "ఇవేంటండీ?" అని అడుగుతాడు. టిడ్కో అనగానే మొహం మారుతుంది. బేరం అక్కడే తగ్గుతుంది. తప్పో ఒప్పో, మార్కెట్ అలాగే ఉంది. మీ గ్రూపు వాళ్ల భయం గాల్లోంచి పుట్టలేదు.

కానీ ఒకటి మీవాళ్లకి చెప్పండి. ఖాళీ బ్లాకులు పక్కన ఉంటే అది ఇంకా దరిద్రం. తలుపులు, వైర్లు, కుళాయిలు పీక్కుపోయేవాళ్లు, రాత్రిపూట మందు బ్యాచ్‌లు, పాములు. జనం లేని బ్లాకు పక్కన ఫ్లాట్ అమ్మడం నావల్ల అయ్యేది కాదు, జనం ఉన్నది పక్కనుంటే కాస్త తగ్గించి అయినా అమ్మాను.

మూడో_అంతస్తు:

నేను అలాంటి బ్లాకులోనే ఉంటున్నాను, మధురవాడ వైపే. మీ గ్రూపు గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. కోపంగా అనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు మేము హనుమంతవాక దగ్గర కొండ పక్కన రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. హుద్‌హుద్ తుఫానుకి ఆ రేకులు ఎగిరిపోయాయి, మళ్లీ వేసుకుని అందులోనే ఉన్నాం. బాత్రూమ్ మూడు ఇళ్లకి కలిపి ఒకటి. ఇప్పుడు మాకొచ్చింది 365 అడుగుల ఇల్లు. చిన్న హాలు, ఒక బెడ్రూమ్, వంటగది, లోపలే బాత్రూమ్. వానొస్తే గిన్నెలు పెట్టుకోవాల్సిన పని లేదు. రాత్రి బయటికి వెళ్లాలంటే మా అమ్మని తోడు లేపాల్సిన పని లేదు. ఆడవాళ్లకి ఆ ఒక్కటి చాలండి, మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు.

ఇంక మిగతాది వినండి. అమ్మ ఎంవీపీ కాలనీలో ఇళ్లలో పని చేస్తుంది. ముందు నాలుగిళ్లు చేసేది, నడిచి వెళ్లేది, మధ్యలో ఇంటికొచ్చి అన్నం వండి మళ్లీ సాయంత్రం వెళ్లేది. ఇక్కడికొచ్చాక అది కుదరదు కదా, రెండిళ్లు వదిలేసింది. ఆగస్టు 15 నుంచి, 2025లో, ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యింది కాబట్టి ఛార్జీ మిగిలింది గానీ టైమ్ మిగల్లేదు. బ్లాకు దగ్గర నుంచి హైవే దాకా నడవాలి, తెల్లారకుండా ఆ దారిలో లైట్లు ఉండవు. అమ్మ సెల్‌ఫోన్ టార్చ్ వేసుకుని పక్కింటావిడతో కలిసి వెళ్తుంది, ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు కూడా ఆలస్యంగానే వెళ్తారు.

డ్వాక్రా గ్రూపు పాత వాడలోనే ఉండిపోయింది. అక్కడైతే అర్ధరాత్రి అమ్మకి ఆయాసం వస్తే ఎవరి తలుపు కొట్టినా ఐదువందలు చేతిలో పెట్టి ఆటో పిలిచేవాళ్లు. ఇక్కడ డిప్ తీసి ఇళ్లిచ్చారు కాబట్టి పక్కింటివాళ్లది ఏ వాడో తెలీదు, పై ఇంటివాళ్లది ఏ వాడో తెలీదు. అందరం కొత్తవాళ్లమే. మొదట్లో మోటారు కరెంటు బిల్లు దగ్గర పెద్ద గొడవలు. కింద ఇళ్లవాళ్లకి నీళ్లొచ్చేస్తాయి, మాకు మూడో అంతస్తుకి రావు, డబ్బులు మాత్రం సమానంగా వేయాలంటారు. గ్యాస్ బండ పైకి మోయడానికి డెలివరీ అబ్బాయి విడిగా అడుగుతాడు. లిఫ్ట్ ఎలాగూ లేదు. ఇప్పుడు నలుగురం ఆడవాళ్లం కలిసి నోటుబుక్కు పెట్టి ఇంటింటికీ రాసుకుంటున్నాం, కొంచెం దారికొచ్చింది.

దొంగతనాలు అంటున్నారు కదా. మీ అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమేది, వాచ్‌మన్ పని చేసేది, మీరు ఆర్డర్ పెట్టింది తెచ్చేది మావాళ్లే. పొద్దున్నంతా ఇంట్లోకి రానిచ్చి సాయంత్రం గోడ కడతామంటే ఏటనుకోవాలండీ?

రిటైర్డ్_ఏఈ:

మునిసిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పై రెండు జవాబులూ నిజమే. నాకు తెలిసినవి కూడా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఇళ్లు దూరంగా ఎందుకు కడతారంటే కారణం పెద్ద రహస్యమేం కాదు. కేంద్రం ఇళ్ల పథకం పీఎంఏవై 2015లో వచ్చినప్పుడు ఇలాంటి అపార్ట్‌మెంట్ ఇంటికి కేంద్రం ఇచ్చేది లక్షన్నర. దానికి రాష్ట్రం వాటా, లబ్ధిదారుడి వాటా, బ్యాంకు లోను కలిపితే గోడలు లేస్తాయి, భూమి మాత్రం ఉచితంగా దొరకాలి. ఊరి మధ్యలో ఉచితంగా భూమి ఎక్కడుంది? అందుకే కొండవాలు పోరంబోకు దొరికిన చోట వందల కొద్దీ ఇళ్లు ఒకే దగ్గర. పాత పథకాలు వాంబే అన్నా, 2005లో వచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం అన్నా, ఇప్పటి టిడ్కో అన్నా కథ అదే. మధురవాడ, కొమ్మాది, పరదేశిపాలెం మ్యాపు చూస్తే ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. సమస్య పేదవాళ్లు పక్కనుండటం కాదు, అందర్నీ ఒకే చోట పోగేయడం. స్కూలు, బస్సు, రేషన్ షాపు, ఆరోగ్య కేంద్రం ఇవన్నీ జనం దిగాక ఎప్పటికో వస్తాయి. ఇంటికి బడ్జెట్ ఉంటుంది, వీధికి ఉండదు.

ఇప్పుడు మీ రేట్ల భయం. మన దగ్గర దీనిమీద గట్టి లెక్కలు నా కంటపడలేదు గానీ అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్ 2019లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. అక్కడ పన్ను రాయితీతో కట్టే తక్కువ అద్దె ఇళ్ల పక్కన ఏమవుతుందో చూశారు. బీద ఏరియాలో కడితే దగ్గర్లో ఇళ్ల ధరలు 6.5 శాతం దాకా పెరిగాయి, నేరాలు తగ్గాయి. డబ్బున్న ఏరియాలో కడితే 2.5 శాతం దాకా తగ్గాయి. అంటే సుబ్బుగారి మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ తగ్గింది కూడా రెండున్నర శాతం దగ్గర, అదీ అతి సమీపంలో. మీ గ్రూపులో ఎంతంటున్నారో మీరే చూసుకోండి. అమెరికా అంకెలు తెచ్చి కొమ్మాదికి అతికించమని చెప్పడం లేదు, ఏరియాని బట్టి ఫలితం మారుతుందన్నంత వరకు తీసుకోండి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. వచ్చినవాళ్లకి మేలా? దీనికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. అహ్మదాబాద్‌లో 1987లో మురికివాడల్లో ఉండే పనివాళ్ల కుటుంబాలకి లాటరీ తీసి ఊరి శివార్లలో ఇళ్లిచ్చారు. లాటరీ కాబట్టి వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చడం తేలిక. 14 ఏళ్ల తర్వాత బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే అనే ఆర్థికవేత్తలు వెళ్లి చూస్తే ఇల్లు మెరుగే, కానీ ఆదాయంలో తేడా లేదు, పిల్లల చదువులో తేడా లేదు. పైగా బంధువులకి, కులంవాళ్లకి దూరమై కష్టంలో అప్పు పుట్టే దారి తగ్గింది. లాటరీ తగిలినవాళ్లలో 34 శాతం అసలు దిగనేలేదు, ఇంకో 32 శాతం కొన్నాళ్లుండి వెళ్లిపోయారు. పైన అమ్మాయి అర్ధరాత్రి ఐదువందల సంగతి రాసింది కదా, ఆ పరిశోధనలో ఉన్నది అదే.

అలాగని చోటు మార్చడం ఎప్పుడూ తప్పే అనుకోకండి. అమెరికాలో 1994 నుంచి ఐదు నగరాల్లో ఒక ప్రయోగం చేశారు. ప్రభుత్వ క్వార్టర్లలో ఉండే కుటుంబాలకి పేదరికం తక్కువున్న ఏరియాలో అద్దెకుండమని వోచర్లిచ్చారు. పెద్దవాళ్ల సంపాదన పెరగలేదు. కానీ 13 ఏళ్లలోపు వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక వోచరు రాని కుటుంబాల పిల్లలకన్నా సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారని 2016లో తేల్చారు. చూశారా, అక్కడ కుటుంబాల్ని మామూలు వీధుల్లోకి పంపారు. మనం ఇక్కడ పేదలకోసమే వేరే ఊరు కడుతున్నాం.

ఇంకో సంగతి, మన కుర్రాళ్లకి తెలీదు. 1988 నుంచి విశాఖలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. ఎవర్నీ కదపలేదు. ఉన్న వాడల్లోనే సిమెంటు రోడ్లు, కాలువలు, వీధి దీపాలు, కుళాయిలు, కమ్యూనిటీ హాళ్లు. వాడలోకి ఆటో రాగలిగితే చాలు, గుడిసెలున్న చోట జనం సొంత డబ్బుతో ఇటుక గోడ లేపుకున్నారు. నా మట్టుకు ఇప్పటికీ అదే సరైన పద్ధతి. కాకపోతే రిబ్బన్ కట్ చేయడానికి కాలువ కన్నా బ్లాకు బావుంటుంది కదా మరి!

సీతమ్మధార_సుబ్బు:

ఏఈగారూ బాగా రాశారు, కానీ నా దగ్గరకొచ్చేవాడు పరిశోధన చదివి రాడు. రెండున్నర శాతం అన్నారు, ఇక్కడ కస్టమర్ పది శాతం తగ్గించమంటాడు. వాడల్లో కాలువలు సరే, ఆ కొండవాలు ఇళ్లమీద వానాకాలం బండరాళ్లు జారిపడితే ఎవరు బాధ్యులు? కొన్ని చోట్ల కదపక తప్పదు. గోడ విషయంలో మాత్రం మీతోనే. పబ్లిక్ రోడ్డుకి అడ్డం కడితే రేపు జీవీఎంసీ (కార్పొరేషన్) వాళ్లొచ్చి కొట్టేస్తారు, డబ్బు దండగ.

సబ్బవరం_రోడ్:

టిడ్కో వాళ్లకి కనీసం గోడలున్నాయి బ్రో. మా పిన్నివాళ్లది సెంటు స్థలం. పైడివాడ అగ్రహారంలో 2022 ఏప్రిల్‌లో పెద్ద సభ పెట్టి పట్టాలిచ్చారే, ఆ టైమ్‌లోనే వచ్చింది. సెంటంటే 48 గజాలు. కట్టుకోడానికి లక్షా ఎనభై వేలన్నారు, అది పునాది, గోడలు దాకా సరిపోతుంది, శ్లాబు దగ్గర ఆగుతుంది. పిన్ని డ్వాక్రా అప్పు, బంగారం తాకట్టు అన్నీ కలిపి శ్లాబు వేసింది. ఇటు పక్క స్థలం పునాదిలోనే ఉంది, అటు పక్కది రాళ్లు పాతి వదిలేశారు. వీధిలో దీపం వెలిగే ఇళ్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. దుకాణం పెడితే కొనేవాడు లేడు, కొనేవాడు లేడు కాబట్టి దుకాణం లేదు. బాబాయి తాపీపని, పొద్దున్నే కంచరపాలెం వైపు కూలీల అడ్డాకి చేరితేనే పని. అక్కణ్ణుంచి బండిమీద వెళ్తే పెట్రోలే కూలిలో పెద్ద ముక్క తినేస్తోంది. అందుకని వారంలో సగం రోజులు పాత వాడలో చెల్లెలి ఇంట్లోనే పడుకుంటున్నాడు.

ఇంకోటి ఎవరూ మాట్లాడరు, పాత వాడ ఖాళీ అవలేదు. పిన్నివాళ్లు ఖాళీ చేసిన గదిలోకి వారం తిరక్కుండా శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం దిగింది, అదీ ఎక్కువ అద్దెకి. వాడ వాడలాగే ఉంది, ఊరవతల ఇంకోటి తయారైంది.

ఆరిలోవ_వాసు:

నాది వేరే అనుభవం. మేము ఆరిలోవ పాతకాపులం. మా నాన్నకి ఇక్కడ స్థలమిచ్చినప్పుడు మా బంధువులంతా అడవిలో ఇచ్చారని నవ్వారట. నిజంగానే కొండలు, జీడితోటలు, సాయంత్రమైతే నక్కల అరుపులు. కొంతమంది చిల్లర డబ్బులకి అమ్ముకుని ఊళ్లోకి వెళ్లిపోయారు. ఇప్పుడు చూడండి. బస్సులున్నాయి, విమ్స్ ఆసుపత్రి కూతవేటు దూరం, ముడసర్లోవ మీదుగా సింహాచలం రోడ్డు పడింది. ఆ చిన్న స్థలాల్లో మూడంతస్తులు లేపి కింద షాపు, పైన అద్దెలు. కూలి చేసినవాళ్ల పిల్లలు మధురవాడ ఐటీ కంపెనీల్లో ఉన్నారు.

కాబట్టి మొదటి ఐదేళ్లు చూసి ఏరియా పోయిందనేయకండి. కాకపోతే మావి స్థలాలు, పైకి కట్టుకునే వీలుంది, ముందుగదిలో కుట్టుమిషనో కిరాణా కొట్టో పెట్టుకునే వీలుంది. మూడో అంతస్తులో 365 అడుగుల్లో ఏం పెడతారు? ఇడ్లీ బండి కూడా కింద ఎవరి గుమ్మం ముందో పెట్టాలి, వాళ్లతో గొడవ. టిడ్కో నాకు నచ్చనిది అందుకే.

మూడో_అంతస్తు:

వాసుగారూ కరెక్ట్. మా బ్లాకులో ఒకావిడ మెట్ల కింద పునుగుల పొయ్యి పెట్టింది, పొగ వస్తోందని తీయించారు. పాత వాడలో ఆవిడ ఇల్లు నడిచిందే ఆ పొయ్యిమీద. ఇప్పుడు గేటు బయట పెట్టుకుంది, అక్కడికి కొనడానికి వచ్చేది ఎక్కువమంది పక్క అపార్ట్‌మెంట్లవాళ్లే. రేట్లు పడిపోతాయని భయపడేవాళ్లు పునుగులు మాత్రం బాగానే తింటున్నారు :)

కొంతమందికి ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు నుంచి కంతు కట్టమని నోటీసులొచ్చాయి. అద్దె ఒక పక్క, కంతు ఒక పక్క. అలాంటివాళ్లలో ఇద్దరు ముగ్గురు తాళాలు వచ్చాక కూడా దిగకుండా వేరేవాళ్లకి అద్దెకిచ్చేశారు. రూల్ ప్రకారం తప్పేమో, నేనైతే తప్పుపట్టలేను.

కొమ్మాది_ఫ్లాట్:

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఏఈగారి అంకెలు గ్రూపులో పెట్టాను, 2.5 శాతం తగ్గిందన్న ముక్క ఒక్కటి పట్టుకుని "చూశారా తగ్గుతుంది!" అన్నారు. ఏం చేస్తాం.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది. గోడ బదులు మనం కార్పొరేషన్‌కి ఏమడిగితే రెండు వైపులవాళ్లకీ పనికొస్తుంది? ఒకే కాగితం మీద పెట్టేవి చెప్పండి.

రిటైర్డ్_ఏఈ:

ఆ మట్టిరోడ్డునే బీటీ (తారు) రోడ్డు చేసి లైట్లు వేయమని అడగండి. మీకు హైవేకి రెండో దారి, వాళ్లకి బస్సు దారి. లైట్ల పోళ్లు ఎన్ని కావాలో నడిచి లెక్కపెట్టి రాయండి, "తగినన్ని" అని రాస్తే ఫైలు కదలదు. రెండోది మురుగునీరు. ఆ బ్లాకుల మురుగు ఎటు పోతోందో చూసుకోండి, అది సరిగా లేకపోతే రేపు మీ బోర్లే పాడవుతాయి. మీ వాళ్లని కదిలించేది ఇదే, ముందు ఇదే చెప్పండి. మూడోది ఆర్టీసీకి విడిగా ఉత్తరం, ఉదయం ఐదున్నరకి ఒక సిటీ బస్సు లోపలి దాకా రావాలని. వార్డు సచివాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి, కార్పొరేటర్‌కి ఒక కాపీ. మీ అసోసియేషన్ సంతకాలతో పాటు ఆ బ్లాకులవాళ్ల సంతకాలు కూడా ఉంటే బరువు వేరేగా ఉంటుంది.

సీతమ్మధార_సుబ్బు:

లైట్లు, తారు రోడ్డు పడితే రేటు నేనే పెంచి చెప్తాను లెండి. బ్లాకులవాళ్ల సంతకాలకి మీవాళ్లు ఒప్పుకుంటారా అన్నదే డౌటు. నాకు నమ్మకం లేదు.

మూడో_అంతస్తు:

మీది ఏ బ్లాకుల పక్కనో ఇన్‌బాక్స్‌లో చెప్పండి. అక్కడ అమ్మ పాత డ్వాక్రా గ్రూపావిడ ఒకామె ఉంది, సంతకాలు ఆవిడ పెట్టించగలదు. ఆదివారం మాత్రం మధ్యాహ్నం తర్వాత పెట్టండి, పొద్దున్న అందరూ పనుల్లో ఉంటారు.